‘పోయినంక ఎవరు చేస్తరు?’ అని అడిగిన మా సర్పంచమ్మ

మా సర్పంచమ్మ పోయింది. జ్వరంతో ఉన్న ఆమెను పోయిన గురువారం పొద్దున ఆటోలో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే, గోదావరి వంతెన ఇంకా కనిపించకముందే పోయింది. అది ఏ జ్వరమో ఇప్పటికీ తెలియదు. రక్తం చుక్క తీసి గాజు పలక మీద పెట్టి పంపారు. ఆ పలకను చూసి చెప్పవలసిన చోట ఇప్పుడు మనిషి లేడు.

ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాలి. ఆమె సంతకం చేయకుండా ఆపిన కాగితం ఒకటి మా పంచాయతీ ఆఫీసులో ఉంది. మలేరియా ప్రాజెక్టు మార్చితో ముగిసింది. పనులన్నీ పంచాయతీకి అప్పగించామని ఆ కాగితంలో ఉంది. ఉపసర్పంచి చేత దాని మీద సంతకం చేయించుకోవడానికి కర్మకాండ కూడా కాకముందే జీపు రెండుసార్లు వచ్చిపోయింది. ఆమెను తలచుకుని ఏడవడానికి నాకు ముందు ముందు చాలా కాలం ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాత్రం వానలకు ముందు వచ్చే మా విత్తనాల పండుగ వరకే గడువు. ఈ పత్రిక మా గూడేలలోని బడులన్నిటికీ వస్తుంది కాబట్టి ఇందులో రాస్తున్నాను. మా ఊరు తెలియని పాఠకుల కోసం మొదటి నుంచి చెప్తాను.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. భద్రాచలంలో హాస్టల్లో ఉండి పది చదివాను. డిగ్రీ ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకుని చదివాను. అది పూర్తికాగానే ఒక మలేరియా ప్రాజెక్టులో ఆర్గనైజర్ ఉద్యోగం వచ్చింది. మా గూడెం ఉన్న పంచాయతీకే నన్ను వేశారు. మొదటి రోజు టోపీ పెట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని సర్పంచమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కూర్చోమనలేదు. చేతిలో పని ఆపలేదు.

“ఎవల బిడ్డవో నాకెరుకే. ఉద్యోగమెన్నాళ్ళు?”

“పదకొండు నెలలు పెద్దమ్మా. మార్చి దాకా.”

“పదకొండు నెలలా! ఓ దూడను తెచ్చుకున్నా దుక్కికొచ్చేదాక ఉంటది కదనే. మా జ్వరాలేమో మా తాతల నాటి నుంచున్నయ్. పదకొండు నెలలల్ల ఎట్ల సర్దుతవు?”

లోపలి నుంచి ఆమె కోడలు నవ్వింది. “ముందు పిల్లకు జావ పొయ్యనియ్యి అత్తా. తర్వాత తిట్టుదువుగాని.”

జావ తాగాక మూడు ప్రశ్నలు అడిగింది. ఎప్పుడొచ్చిన్రు? ఎప్పుడు పోతరు? పోయినంక ఎవరు చేస్తరు? మొదటి రెండింటికీ నా దగ్గర జవాబు ఉంది. మూడోది మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత తెలిసింది, ఆమె ఎవరినైనా అవే మూడు అడిగేదని. బోరింగు వేసేవాళ్ళనూ, పిల్లల తూకం చూసేవాళ్ళనూ, కంటి పరీక్షల వాళ్ళనూ. మా కుర్రాళ్ళు ఆమె నడకను, గొంతును అనుకరిస్తూ ఆ ప్రశ్నలను పెళ్ళిళ్ళలో కూడా వాడుకునేవారు. కొత్త అల్లుడు వస్తే, “ఎప్పుడొచ్చినవ్ బావా, ఎప్పుడు పోతవ్?” అని. ఆమె విని నవ్వేది. “మూడోది అడగకున్రిరా, అల్లుడు జడుసుకుంటడు” అనేది.

ప్రాజెక్టులు మా దగ్గరకు వచ్చిన గుర్తులన్నీ ఆమె ఇంటి చుట్టూ ఉండేవి. ముగిసిన ప్రాజెక్టు బోర్డు రేకును ఊడదీయించి కోళ్ళ గూటికి తలుపు చేసింది. ‘మలేరియాను తరి’ వరకు అక్షరాలు కనిపించేవి. మిగతాది మేకు కింద పోయింది. మా మొక్కజొన్న చేలలో దిష్టిబొమ్మలు కూడా ఏదో ఒక ప్రాజెక్టు టోపీ పెట్టుకునే ఉంటాయి. ఒకసారి మా ప్రాజెక్టు సారు, “ఇంకో వంద టోపీలు పంపిస్తాను అమ్మా” అంటే, “వద్దు సారూ, మా ఊళ్ళ తలకాయలు అయిపోయినయ్” అన్నది. సారు మంచివాడు. ఆయన కూడా నవ్వాడు.

ఆమెకు కొన్ని పట్టుదలలు ఉండేవి. ఏ ఆఫీసరు వచ్చినా మీటింగు కన్నా ముందు వాగు అవతలి గూడెం చూసి రావాలి. అక్కడికి జీపు పోదు. చెప్పులు చేత పట్టుకుని వాగు దాటాలి. తిరిగి వచ్చాకే మాట్లాడనిచ్చేది. ఇక కాగితం ఏది వచ్చినా నన్ను రెండుసార్లు చదవమనేది. మొదట లోపల, తనకు. తర్వాత “ఇప్పుడు బయట నిలబడి చదువు” అనేది. అరుగు మీద నిలబడి, నీళ్ళకు పోయే ఆడవాళ్ళకు, బీడీ కాల్చుకుంటూ కూర్చున్న ముసలివాళ్ళకు వినిపించేలా చదవాలి. నాకు మొదట్లో సిగ్గుగా ఉండేది. గొంతు తగ్గితే, “నీ చదువు నీకొక్కదానికేనా?” అని లోపలి నుంచి అరిచేది.

ఆ మొదటి మార్చిలో జరిగింది ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

ప్రాజెక్టు మాకు దోమతెరలు పంచింది. వాటిని మందు కలిపిన నీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టాలి. ఆ మందు కొన్ని నెలలే పనిచేస్తుంది. ముంచే పని మార్చి నెలాఖరులోగా పూర్తి కావాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. మార్చి అంటే మాకు ఇప్పపువ్వు కాలం. తెల్లవారకముందే పువ్వు రాలుతుంది. పశువులు, ఎలుగులు తినకముందే ఏరుకోవాలి. అందుకని ఇంటిల్లిపాదీ అడవిలో చెట్ల కిందే పడుకుంటారు. మేము మందు డబ్బాలతో గూడేలకు వెళ్ళేసరికి ఇళ్ళకు తడికలు వేసి ఉన్నాయి. ముసలివాళ్ళు, బాలింతలు తప్ప ఎవరూ లేరు. దొరికిన తెరలు ముంచాము. మిగతావి ఎక్కడ అని సారు అడిగితే ఎవరూ చెప్పలేదు. తిరిగి వస్తుంటే ఆయనే చూశాడు. ఇప్పచెట్ల కింద నీలంరంగు దోమతెరలు నేల మీద బారుగా పరిచి ఉన్నాయి. వాటి నిండా పువ్వు.

సారు ముఖం ఎర్రబడింది. నేరుగా సర్పంచమ్మ దగ్గరకు వచ్చాడు. “దోమతెరలిచ్చింది పువ్వులేరుకోవడానికా అమ్మా? పైవాళ్ళు చూస్తే నా ఉద్యోగం పోతుంది.”

“తప్పే సారూ. పువ్వుకు మట్టంటకుండా బాగుంటదని పరిచిన్రు. నేను తిడత వాళ్ళను.” తర్వాత అడిగింది. “అవ్ గాని, చెట్టు కింద పండుకునేటోడు తెర యాడ కట్టాలె? మీరిచ్చినప్పుడు ఎవరన్న అడిగిన్రా, ఈ కాలంల మీరు యాడ పండుకుంటరని?”

సారు సంచీ తెరిచాడు. పని పూర్తయిందన్న కాగితం ముందు పెట్టాడు. నేను లోపల చదివాను. బయట చదివాను. పంచాయతీలోని తెరలన్నీ మందులో ముంచినట్టు అందులో ఉంది. అరుగు కింద ఉన్న ఒక ముసలమ్మ, “నాది ముంచలే” అన్నది. ఇంకొకామె “నాదీ” అన్నది.

“పండుగకు ముంచుదాం సారూ,” అన్నది సర్పంచమ్మ. “విత్తనాల పండుగకు ఎక్కడున్నోళ్ళు అక్కడి నుంచి ఊరికొస్తరు. అప్పుడు ముంచితే వానకాలమంతా మందు ఉంటది.”

“మార్చి దాటితే నిధులు వెనక్కి పోతాయి అమ్మా. మా సంవత్సరం మార్చితో ముగుస్తుంది.”

“మీ సంవత్సరం మార్చికి అయిపోతది. దోమ సంవత్సరం వానకే మొదలైతది. నేనేం జెయ్యాలె?”

సంతకం చేయలేదు.

ఇక్కడితో ఆపితే ఇది ఒక గొప్ప మనిషి కథ అవుతుంది. కానీ అలా ఆగలేదు. ఆ సంతకం లేనందుకు మా పంచాయతీ పేరు సహకరించని ఊళ్ళ జాబితాలో పడింది. మిగిలిన మందు డబ్బాలు చండ్రుగొండ వైపు ఊళ్ళకు పోయాయి. నా జీతం ఆగిపోయింది. వానలు వచ్చేసరికి మార్చిలో ముంచినవాటి మందు కూడా పోయి, మా తెరలన్నీ వట్టి తెరలే అయ్యాయి. జ్వరాలు గట్టిగా వచ్చాయి. వాగు అవతలి గూడెం నుంచి మనుషులను మంచాల మీద మోసుకుని తెచ్చారు. కొందరు తిరిగి నడిచి వెళ్ళలేదు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి సర్పంచమ్మ వాకిట్లో నిలబడి అందరి ముందూ అడిగింది. “సగం మందన్న ఉంటుండె కదా. నీ పంతానికి అది గూడ లేకపాయె. నా బిడ్డను తెచ్చిస్తవా?”

కోడలు అడ్డం రాబోతే సర్పంచమ్మే చెయ్యి పట్టి ఆపింది. “అననియ్యి. ఇంకెవల్నంటది?” అన్నది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఇంటి దగ్గర కనిపించలేదు. ఏ గూడెంలో జ్వరం ఉందని తెలిస్తే ఆ గూడెంలో ఉండేది. మాత్రలు మింగించేది, మంచం ఒక కోడు పట్టేది.

ఆమె చేసింది సరైనదేనా అని నేను అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. సంతకం చేసి ఉంటే సగం తెరలకు ఇంకోసారి మందు దొరికేదేమో. చేయలేదు కాబట్టే తర్వాత వచ్చినవాళ్ళు మా మాట విన్నారు. రెండూ నిజమే. ఆ తల్లి ముందు రెండోది చెప్పే ధైర్యం నాకు లేదు. సర్పంచమ్మకూ లేదు. ఒకసారి నేను అడిగితే, “ఎరుక లేదు బిడ్డా. ఎరుకైతే నిద్ర పడుతుండె” అన్నది.

తర్వాతి సంవత్సరం ఇంకో ప్రాజెక్టు వచ్చింది. పేరు వేరు, జీపు అదే, సారు కూడా ఆయనే. నన్ను మళ్ళీ తీసుకున్నారు. సారు దిగీ దిగకముందే, “మూడు ప్రశ్నలకూ జవాబులు తెచ్చాను అమ్మా” అన్నాడు. “మూడోదే ముందు చెప్పు” అన్నది ఆమె. ముంచే పని మా గూడేల మనుషులే నేర్చుకుంటారనీ, మందు పండుగ వరకు పంచాయతీ గదిలో ఉంటుందనీ, పని జరిగిందో లేదో వార్డు మెంబర్లు ఇల్లిల్లూ తిరిగి చూసి చెబితేనే సర్పంచి సంతకం చేస్తుందనీ ఒప్పందం అయింది. గాజు పలకల మీద రక్తం చూసే మనిషిని కూడా మండలంలో పెట్టారు. పొద్దున పంపితే సాయంత్రానికి ఏ జ్వరమో తెలిసేది.

పండుగ ముందు రోజు ముంచుదామంటే మా పూజారి ఒప్పుకోలేదు. విత్తనాలు ఇళ్ళల్లో నుంచి తీసి కలిపే రోజు అది. మందు వాసన తగిలిన చేతులతో విత్తనం ముట్టుకోకూడదు అన్నాడు. సర్పంచమ్మ వాదించలేదు. ఆయన పక్కన కూర్చుని ఆకు చుట్ట వెలిగించి ఇచ్చింది.

“విత్తనం ముట్టేముందు అందరూ తానం జేస్తరా లేదా?”

“చెయ్యాలె. చెయ్యకుంటే ఎట్ల?”

“తానం కన్నా ముందు ముంచుతరు. మందు ముట్టినోళ్ళు ఎట్లాగూ కడుక్కోవాల్నంట, ఈ పిల్ల చెప్తుంది. ఒక్క తానంతోని రెండు పనులు.”

పూజారి ఒక దమ్ము లాగి పొగ వదిలాడు. “అయితే బడి కాడ ముంచున్రి. గుడి కాడికి రావద్దు” అన్నాడు.

అలా మొదలైంది. ఏటా పండుగ ముందు రోజు పొద్దున బడి ముందు పెద్ద గంగాళాలు పెట్టేవాళ్ళం. ఆడవాళ్ళు తెరలు చంకన పెట్టుకుని వచ్చేవారు. ఎవరి తెర ఎవరిదో తెలియక దెబ్బలాట. “నా తెరకు బొక్క లేదు, ఇది నీదే.” “నీ మొగని బీడీకే పడ్డది ఆ బొక్క, నాకు చెప్తవేందే!” తడి తెరలను బడి గదుల్లో చాపల మీద పరిచి ఆరబెట్టేవాళ్ళం. ఎండలో వేస్తే మందు చెడిపోతుంది. సర్పంచమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరైనా తెరను ఎండలోకి లాగితే అక్కడి నుంచే కేకవేసేది. తర్వాత అందరూ వాగుకు స్నానానికి వెళ్ళేవారు. సాయంత్రం విత్తనాలు. చిరిగిన పాత తెరలు ఇప్పపువ్వుకు, మంచివి మనుషులకు అని కూడా ఆమే తీర్మానం చేయించింది. ఆ వానకాలాల్లో వాగు అవతలి నుంచి మంచాలు తక్కువ వచ్చాయి. ఎంత తక్కువో నేను లెక్క చెప్పను. మోసేవాళ్ళ భుజాలకు తెలుసు.

కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి రెండో ఏడు తన తెర తెచ్చింది. సర్పంచమ్మతో మాట్లాడలేదు. తెర ముంచి, చాప మీద పరిచి, ఆమె పక్కనే కాసేపు కూర్చుని వెళ్ళింది.

ఈ మార్చితో ఆ ప్రాజెక్టు కూడా ముగిసింది. ముంచడం నేర్చుకున్నవాళ్ళు కూలి కోసం మణుగూరు పోయారు. రక్తం చూసే మనిషి సామాను సర్దుకుని వెళ్ళాడు. మందు డబ్బాలు పంచాయతీ గదిలో ఉన్నాయి, తీసి ముంచే బాధ్యత ఎవరిదో రాసి లేదు. ముగింపు కాగితం మీద సంతకం చేయకుండా, “మూడో దానికి జవాబు రానియ్యి” అని ఆమె ఆపింది. సారు పోతుంటే జీపు మలుపు తిరిగేదాకా అరుగు మీద నిలబడింది. “వచ్చే బండి చప్పుడు అందరికీ ఇనబడతది బిడ్డా. పొయ్యే బండి చప్పుడు కూడ ఒకరు ఇనాలె” అన్నది.

ఆమెకు జ్వరం వచ్చిందని తెలిసి వెళ్ళేసరికి దుప్పటిలో వణుకుతోంది. అయినా నన్ను చూసి అడిగింది.

“గాజు పలక ఏమన్నదే?”

“ఇంకా రాలేదు పెద్దమ్మా.”

“చూసెటోడు ఉన్నడా?”

“లేడు. మార్చిలనే పోయిండు కదా.”

నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. “చూసినవా మరి” అన్నది. నాతో ఆమె అన్న ఆఖరు మాట అదే. మర్నాడు పొద్దున ఆటో.

మాలో పోయినవాళ్ళు వాడుకున్న వస్తువులను వాళ్ళతోపాటే కాటికి తీసుకుపోయి అక్కడే వదిలి వస్తాము. ఆమె మంచం, చెంబు, దుప్పటి తీసుకుపోయారు. తెర కూడా తీశారు. కోడలు దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది, తర్వాత ఇచ్చేసింది. ఎవరో దాన్ని మంచం పైన ఉన్న తునికి కొమ్మకు కట్టారు, ఇంట్లో కట్టినట్టే.

మొన్న ఉపసర్పంచి అన్న నన్ను పిలిచాడు. కాగితం ఆయన ముందు ఉంది. “చెల్లే, నువ్వు చదువుకున్నదానివి. పెట్టమంటవా, వద్దంటవా? పెట్టకపోతే మళ్ళ ఏ ప్రాజెక్టూ రాదంటుండ్రు. ఆమెకున్న గుండె నాకు లేదు.”

నా జీతం కూడా మార్చితోనే ఆగింది. కాబట్టి నేను ఏం చెప్పినా నా ఉద్యోగం కోసమే చెబుతున్నానని ఎవరైనా అనుకోవచ్చు. అనుకోనివ్వండి. కాగితాన్ని మాత్రం తీసుకుని అరుగు మీదకు వెళ్ళి, పూర్తిగా, గట్టిగా చదివాను. నీళ్ళకు పోతున్నవాళ్ళు ఆగారు. ‘అప్పగించడమైనది’ అన్న మాట దగ్గర ఒకామె, “ఎవలకు?” అని అడిగింది. ఆ ఒక్క మాట సర్పంచమ్మ గొంతులా వినిపించింది. ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

అందుకే వార్డు మెంబర్లను, పూజారిని, తెర ఉన్న ప్రతి ఇంటినీ అడుగుతున్నాను. ఈ ఏడు పండుగ ముందు రోజు గంగాళాలు పెట్టేది ఎవరు? మణుగూరు నుంచి మనవాళ్ళను ఒక్క రోజుకు పిలిపించేది ఎవరు? రక్తం చూసే మనిషి మండలంలో మళ్ళీ ఉండాలని అడగడానికి నాతో ఎవరు వస్తారు? వీటికి జవాబు ఉంటే దాన్ని కాగితంలో రాయించి, ఉపసర్పంచి అన్న ధైర్యంగా సంతకం చేస్తాడు. లేకపోతే లేదని రాద్దాం. జూన్ మొదటి సంత రోజులోగా చెప్పండి. నేను ఆ రోజు పొద్దున నుంచి పంచాయతీ అరుగు మీదే ఉంటాను.

వాగు అవతలి నుంచి వచ్చేవాళ్ళకు కాటి పక్కనుంచే దారి. అక్కడ తునికి కొమ్మకు ఆమె తెర ఇంకా కట్టే ఉంది. గాలి వచ్చినప్పుడు లోపల ఎవరో పక్క మీద ఒత్తిగిలినట్టు ఉబ్బుతుంది, మళ్ళీ ఖాళీ మంచం మీదికి వాలుతుంది.